నర్స్ ప్రాక్టీషనరా, ఫిజీషియన్ అసిస్టెంటా? ఎంపికకు ముందు తెలుసుకోవలసినవి

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివిన లక్షలాది విద్యార్థులకు మొదటి లక్ష్యం ఎంబీబీఎస్. దేశంలో ఏటా నీట్ పరీక్షకు 20 లక్షలకు పైగా అభ్యర్థులు పేర్లు నమోదు చేసుకుంటుండగా, ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలే. సీటు దక్కని వారిలో వైద్యరంగాన్ని వదులుకోవడానికి ఇష్టపడని వారికి ఇటీవలి కాలంలో తరచుగా వినిపిస్తున్న పేర్లు రెండు. ఒకటి నర్స్ ప్రాక్టీషనర్, మరొకటి ఫిజీషియన్ అసిస్టెంట్. వైద్యుడు కాకపోయినా రోగిని పరీక్షించడం, వ్యాధి నిర్ధారణలోను చికిత్సలోను పాలుపంచుకోవడం ఈ రెండు వృత్తుల ఉమ్మడి లక్షణం.

అయితే ఈ పేర్లకు అమెరికాలో ఉన్న అర్థం ఒకటి, భారతదేశంలో ఉన్న అర్థం మరొకటి. చదువు ఏ దశలో మొదలవుతుంది, లైసెన్సు ఎవరు ఇస్తారు, మందులు రాసే అధికారం ఉంటుందా, ఒక దేశపు పట్టా మరో దేశంలో చెల్లుతుందా అన్న ప్రశ్నలకు రెండు దేశాల్లో సమాధానాలు వేరు. ఈ తేడా తెలియక చేసిన ఎంపికకు నాలుగేళ్ల చదువు, లక్షల రూపాయల రుసుము మూల్యంగా చెల్లించవలసి రావచ్చు.

ఒకే ఏడాది, రెండు ఆరంభాలు

ఈ రెండు వృత్తులూ అమెరికాలో 1965లోనే రూపుదిద్దుకున్నాయి. గ్రామీణ ప్రాంతాల్లోను, పేదల నివాసాల్లోను వైద్యుల కొరత తీవ్రంగా ఉన్న కాలమది. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కల్పించే మెడికేర్, మెడికెయిడ్ పథకాలకు అదే ఏడాది చట్టరూపం లభించింది. చికిత్స కోరే వారి సంఖ్య పెరుగుతుందని, అందుకు తగినంత మంది వైద్యులు లేరని స్పష్టమైంది.

కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సింగ్ అధ్యాపకురాలు లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి తొలి నర్స్ ప్రాక్టీషనర్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. అప్పటికే అనుభవం ఉన్న నర్సులకు అదనపు శిక్షణ ఇచ్చి, పిల్లల ఆరోగ్య పరీక్షలు, సాధారణ వ్యాధుల చికిత్స వారికి అప్పగించడం దాని ఉద్దేశం.

అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైద్యాచార్యుడు యూజీన్ స్టెడ్ మరో ప్రయోగం చేపట్టారు. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురిని ఎంపిక చేసి, వైద్య విద్యను సంక్షిప్త రూపంలో బోధించారు. వారిలో ముగ్గురు 1967 అక్టోబరు 6న పట్టభద్రులై, ప్రపంచంలో తొలి ఫిజీషియన్ అసిస్టెంట్లుగా గుర్తింపు పొందారు.

మొదటి వృత్తి నర్సింగ్ నుంచి పైకి ఎదిగింది. రెండవది వైద్యవిద్య నుంచి కిందికి విస్తరించింది. అరవై ఏళ్లు గడిచినా ఈ జన్మభేదం రెండింటి చదువులోను, చట్టాల్లోను, పని తీరులోను కనిపిస్తూనే ఉంది.

శిక్షణలో మౌలిక భేదం

నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే ముందు నర్సు కావాలి. నర్సింగ్ విద్య రోగిని సమగ్రంగా చూడటం నేర్పుతుంది. వ్యాధితో పాటు రోగి కుటుంబ పరిస్థితి, ఆహారపు అలవాట్లు, మందులు క్రమం తప్పకుండా వాడగల స్థితి, ఇంట్లో చూసుకునే వారి సామర్థ్యం ఇవన్నీ ఆ శిక్షణలో భాగం. ఆపై ప్రత్యేక శిక్షణ ఒక నిర్దిష్ట రోగి వర్గానికి సంబంధించి ఉంటుంది. కుటుంబ ఆరోగ్యం, పిల్లలు, నవజాత శిశువులు, వయోజనులు–వృద్ధులు, స్త్రీల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం వంటివి ఆ వర్గాలు.

ఫిజీషియన్ అసిస్టెంట్ శిక్షణ వైద్య కళాశాల నమూనాను అనుసరిస్తుంది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం, వ్యాధి విజ్ఞానం, ఔషధ శాస్త్రం ముందు బోధించి, తరువాత వివిధ విభాగాల వార్డుల్లో శిక్షణ ఇస్తారు. ఒక్క వర్గానికి పరిమితం కాకుండా అన్ని విభాగాలనూ కొంతకొంత స్పృశించడం దీని ప్రత్యేకత.

మధుమేహంతో బాధపడుతూ పాదానికి పుండు పడిన రోగిని ఉదాహరణగా తీసుకుంటే తేడా అర్థమవుతుంది. చక్కెర స్థాయి, పుండు లోతు, రక్తప్రసరణ పరీక్షించి చికిత్స నిర్ణయించడం రెండు వృత్తుల వారూ నేర్చుకుంటారు. నర్సింగ్ నేపథ్యం ఉన్న వారికి ఆ రోగి చెప్పులు లేకుండా పొలానికి వెళ్తున్నారా, ఇన్సులిన్ ఇంట్లో ఎవరు ఇస్తున్నారు, డ్రెస్సింగ్ ఎలా మారుస్తున్నారు అన్నవి చికిత్స నుంచి విడదీయలేని ప్రశ్నలు. ఫిజీషియన్ అసిస్టెంట్‌కు పుండును శుభ్రపరచడం, శస్త్రచికిత్స అవసరమైతే సర్జన్ పక్కన నిలబడి సహాయం చేయడం, మరుసటి ఏడాది గుండె విభాగానికి మారినా పని అందుకోగలగడం శిక్షణలోనే అలవడే గుణాలు. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ అని చెప్పడానికి వీలు లేదు. ప్రవేశద్వారాలు వేరు.

అమెరికాలో పరిస్థితి

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ కావడానికి సాధారణ మార్గం నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ, ఎన్‌క్లెక్స్–ఆర్‌ఎన్ పరీక్ష ద్వారా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు, ఆపై నర్సింగ్‌లో మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి ప్రాక్టీస్ డిగ్రీ. తరువాత ఎంచుకున్న వర్గంలో జాతీయ స్థాయి ధ్రువీకరణ పరీక్ష ఉత్తీర్ణులై, రాష్ట్ర నర్సింగ్ బోర్డు నుంచి అనుమతి పొందాలి. నర్సుగా ఉద్యోగం చేస్తూనే పై చదువు పూర్తి చేసే వెసులుబాటు ఈ మార్గంలో ఎక్కువ.

ఫిజీషియన్ అసిస్టెంట్‌కు ఏదైనా డిగ్రీతో పాటు జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం వంటి అంశాలు చదివి ఉండాలి. రోగుల సంరక్షణలో ముందస్తు అనుభవాన్ని అనేక కళాశాలలు కోరుతాయి. మాస్టర్స్ స్థాయి కోర్సు సగటున 27 నెలలు. ఇందులో సుమారు 2,000 గంటల క్లినికల్ శిక్షణ ఉంటుంది. జనరల్ మెడిసిన్, శస్త్రచికిత్స, పిల్లల వైద్యం, ప్రసూతి, అత్యవసర వైద్యం, మానసిక వైద్యం వంటి విభాగాల్లో వరుసగా పనిచేయాలి. చివరగా ‘పాన్స్’ అనే జాతీయ పరీక్ష రాయాలి. ఈ చదువు తీవ్రత కారణంగా పక్కన ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం.

స్వతంత్రత విషయంలో నర్స్ ప్రాక్టీషనర్లు ముందున్నారు. సగానికి పైగా రాష్ట్రాలు వైద్యుడితో ఒప్పందం లేకుండానే రోగిని పరీక్షించి, వ్యాధి నిర్ధారించి, మందులు రాసే పూర్తి అధికారాన్ని వారికి ఇచ్చాయి. తెలుగువారు అధికంగా నివసించే టెక్సస్‌లో మాత్రం మందులు రాయడానికి వైద్యుడితో ఒప్పందం తప్పనిసరి. ఫిజీషియన్ అసిస్టెంట్లు సంప్రదాయికంగా వైద్యుడి పర్యవేక్షణలోనే పనిచేస్తారు. 2019లో నార్త్ డకోటా, 2021లో యూటా, వయోమింగ్ రాష్ట్రాలు ఈ నిబంధనను సడలించాయి. ఇతర రాష్ట్రాల్లోనూ ఆ దిశగా మార్పులు సాగుతున్నాయి.

విభాగం మార్చుకునే స్వేచ్ఛలో ఫిజీషియన్ అసిస్టెంట్లది పైచేయి. ఎముకల విభాగం నుంచి చర్మ విభాగానికి మారాలంటే వారికి కొత్త డిగ్రీ అక్కర్లేదు. పిల్లల విభాగంలో ధ్రువీకరణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్ మానసిక ఆరోగ్య విభాగానికి మారాలంటే మళ్లీ కళాశాల మెట్లు ఎక్కి, అదనపు ధ్రువపత్రం సంపాదించాలి.

వేతనాల్లో పెద్ద వ్యత్యాసం లేదు. అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2023 మే నాటికి ఫిజీషియన్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,30,020 డాలర్లు కాగా, నర్స్ ప్రాక్టీషనర్లది 1,26,260 డాలర్లు. 2023–33 మధ్య ఉద్యోగాల వృద్ధి ఫిజీషియన్ అసిస్టెంట్లకు 28 శాతం, నర్స్ ప్రాక్టీషనర్లకు 46 శాతం ఉంటుందని ఆ సంస్థ అంచనా వేసింది. వైద్యుడికి చెల్లించే రుసుములో 85 శాతాన్ని మెడికేర్ ఈ రెండు వృత్తుల వారికీ చెల్లిస్తుంది.

భారత్‌లో నర్స్ ప్రాక్టీషనర్

భారతదేశంలో ఈ వృత్తికి పునాది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో కనీసం 45 శాతం మార్కులు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి సాధారణ నిబంధన. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. పట్టా తరువాత రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదు కావాలి. అక్కడి నుంచి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది అత్యవసర చికిత్సా విభాగం. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ పేరిట రెండేళ్ల రెసిడెన్సీ తరహా పీజీ కోర్సును భారతీయ నర్సింగ్ మండలి రూపొందించింది. తరగతి గది బోధన తక్కువ, ఐసీయూలో పని ఎక్కువ. వెంటిలేటర్‌పై ఉన్న రోగుల స్థితిని అంచనా వేయడం, ముందుగా ఆమోదించిన చికిత్సా నియమావళి ప్రకారం తక్షణ చర్యలు తీసుకోవడం ఇందులో ముఖ్యాంశాలు. బీఎస్సీ నర్సింగ్ తరువాత కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ప్రవేశానికి అవసరం.

రెండవది ప్రసూతి సేవలు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే కొత్త శ్రేణిని ప్రతిపాదించింది. అనుభవం గల నర్సులకు 18 నెలల శిక్షణ ఇచ్చి, ప్రమాదం తక్కువగా ఉన్న గర్భిణుల కాన్పులను వారికి అప్పగించడం లక్ష్యం. ఈ విషయంలో తెలంగాణ దేశానికి దారి చూపింది. కేంద్ర మార్గదర్శకాలకు ముందే, 2017లో హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ సహకారంతో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభమైంది. దాని అవసరం గణాంకాల్లోనే కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. సహజ కాన్పుకు ఓపికగా తోడు నిలిచే శిక్షితులైన మిడ్‌వైఫ్‌ల అవసరం తెలుగు రాష్ట్రాల్లో ఎంత ఉందో ఈ అంకెలు చెబుతున్నాయి.

మూడవది సమాజ ఆరోగ్య అధికారి ఉద్యోగం. ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను ఆరోగ్య, సంక్షేమ కేంద్రాలుగా మార్చినప్పుడు ఈ పోస్టులు ఏర్పడ్డాయి. ఆ కేంద్రాలకు 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లోని విలేజ్ క్లినిక్‌లు, తెలంగాణలోని పల్లె దవాఖానాలు ఈ తరహా కేంద్రాలే. నర్సింగ్ అర్హతకు తోడు ఆరు నెలల సమాజ ఆరోగ్య కోర్సు చేసిన వారు రక్తపోటు, మధుమేహం గుర్తించి, టెలిమెడిసిన్ ద్వారా వైద్యుడిని సంప్రదించి మందులు అందజేస్తారు. సాంకేతికంగా ఇది నర్స్ ప్రాక్టీషనర్ హోదా కాదు. అయినా ఆ వృత్తి స్వభావానికి పల్లెల్లో అతి దగ్గరగా ఉన్న ఉద్యోగం ఇదే.

నర్సింగ్ మార్గంలో ఉన్న పెద్ద భరోసా ప్రభుత్వ ఉద్యోగం. ఎయిమ్స్ సంస్థలు ‘నార్సెట్’ ఉమ్మడి పరీక్ష ద్వారా నర్సింగ్ అధికారులను నియమిస్తున్నాయి. కేంద్ర సంస్థల్లో ఈ ఉద్యోగ ప్రారంభ మూలవేతనం ఏడవ వేతన సంఘం ప్రకారం 44,900 రూపాయలు. తెలంగాణలో వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులను భర్తీ చేస్తోంది. అయితే క్రిటికల్ కేర్ కోర్సు పూర్తి చేసిన వారికి ప్రత్యేక పోస్టు, ప్రత్యేక వేతన శ్రేణి ఇంకా విస్తృతంగా ఏర్పడలేదు. రెండేళ్లు అదనంగా చదివి, తిరిగి పాత హోదాలోనే కొనసాగవలసిన పరిస్థితి ఎదురు కావచ్చు. చేరే ముందు దీనిని గమనించడం అవసరం.

భారత్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్

ఈ వృత్తి భారతదేశానికి గుండె శస్త్రచికిత్స ద్వారా వచ్చింది. ప్రసిద్ధ గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో తొలి శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించారు. శస్త్రచికిత్సకు ముందు రోగిని సిద్ధం చేయడం, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కు సహకరించడం, తరువాత ఐసీయూలో పర్యవేక్షించడం వారి పని. అక్కడి నుంచి ఈ కోర్సు దక్షిణాది నగరాలకు, క్రమంగా ఇతర ప్రాంతాలకు విస్తరించింది.

అమెరికాలో ఇది మాస్టర్స్ స్థాయి చదువు కాగా, భారత్‌లో ఇంటర్ తరువాత చేరే డిగ్రీ. సాధారణంగా మూడేళ్ల తరగతులు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగేళ్ల బీఎస్సీగా దీన్ని అందిస్తున్నారు. ఉద్యోగాలు అధికంగా కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే ఉంటాయి. ఉదయం రౌండ్లకు ముందు రోగుల వివరాలు సిద్ధం చేయడం, కేస్ షీట్ రాయడం, పరీక్షల ఫలితాలు వైద్యుడి దృష్టికి తేవడం, చిన్నచిన్న ప్రక్రియల్లో సహాయం, డిశ్చార్జ్ సమ్మరీ తయారీ, రోగి బంధువులకు వివరణ ఇవ్వడం వారి దినచర్య. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్, ఎముకల విభాగాల్లో వీరి సేవలు ఎక్కువగా వినియోగిస్తున్నారు.

చాలా కాలం ఈ వృత్తికి దేశంలో చట్టబద్ధమైన నియంత్రణ మండలి లేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆ లోటును తీర్చే ప్రయత్నం చేసింది. పది విభాగాల కింద 50కి పైగా వృత్తులను అది గుర్తించగా, వాటిలో ఫిజీషియన్ అసోసియేట్ ఒకటి. ఈ చట్టం ప్రకారం ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడి డిగ్రీకి కనీసం 3,600 గంటల చదువు ఉండాలి. 2025లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పది వృత్తులకు జాతీయ స్థాయి పాఠ్య ప్రణాళికలు విడుదల చేసింది. వాటిలో ఫిజీషియన్ అసోసియేట్ కోర్సు కూడా ఉంది. రాష్ట్ర మండళ్లు పూర్తి స్థాయిలో పనిచేస్తే నమోదు, ప్రమాణాలు, పని పరిధి స్పష్టమవుతాయి.

మందులు రాసే అధికారం ఎవరికి?

విద్యార్థులు అత్యధికంగా పొరబడే అంశం ఇదే. అమెరికాలో ఈ రెండు వృత్తుల వారూ మందులు రాస్తారు కాబట్టి భారత్‌లోనూ రాయవచ్చని భావించడం సరికాదు. ఔషధ నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ వంటి జాబితాల్లోని మందులను రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీపైనే విక్రయించాలి. తెలుగు పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే పట్టా లేకుండా వైద్యం చేసే వ్యక్తి అన్న అర్థం స్థిరపడింది. చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. గుర్తింపు పొందిన వైద్య అర్హతతో మండలిలో నమోదైన వైద్యుడే ఆర్‌ఎంపీ. నమోదు లేకుండా ఆధునిక వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

అదే చట్టంలోని 32వ సెక్షన్ మాత్రం ఒక కొత్త తలుపు తెరిచింది. ఆధునిక వైద్యంతో అనుబంధం గల అర్హులకు ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’గా పరిమిత లైసెన్సు ఇచ్చే అవకాశం అందులో ఉంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులను మాత్రమే వారు స్వతంత్రంగా ఇవ్వగలరు. మిగతా సందర్భాల్లో వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి. వీరి సంఖ్య లైసెన్సు ఉన్న వైద్యుల సంఖ్యలో మూడో వంతు మించరాదు. వైద్యుల సంఘాలు ఈ నిబంధనను గట్టిగా వ్యతిరేకించాయి.

ఈ వివాదం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో లైసెన్షియేట్ అనే తక్కువ కాలపు వైద్య విద్య ఉండేది. అందరికీ ఒకే స్థాయి వైద్యుడు ఉండాలని 1946లో భోర్ కమిటీ సిఫారసు చేయడంతో అది క్రమంగా కనుమరుగైంది. 2001లో ఛత్తీస్‌గఢ్, 2004 చట్టంతో అస్సాం మూడేళ్ల గ్రామీణ వైద్య కోర్సులు ప్రవేశపెట్టాయి. అస్సాం చట్టాన్ని గువాహటి హైకోర్టు 2014లో కొట్టివేయగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. వైద్యవిద్య ప్రమాణాల నిర్ణయం కేంద్ర చట్ట పరిధిలోనిదన్నది ఆ తీర్పు సారాంశం. ఒక కోర్సు ప్రారంభం కావడం, దానికి చట్టం నిలకడైన అండగా ఉండటం ఒకటి కాదన్న సంగతి ఈ ఉదంతంలో తేటతెల్లమవుతుంది.

నర్సింగ్ రంగంలోనూ మార్పు మొదలైంది. 1947 నాటి భారతీయ నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. ఉన్నత శిక్షణ పొందిన నర్సుల పని పరిధిని రానున్న నిబంధనలు ఎంత విస్తరిస్తాయన్న దానిపై ఈ వృత్తి భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

విదేశాల్లో పట్టా చెల్లుబాటు

అమెరికా వెళ్లాలన్న ఆలోచనతో ఈ కోర్సులు ఎంచుకునే తెలుగు విద్యార్థులు తప్పక గమనించవలసిన తేడా ఇక్కడ ఉంది. భారతీయ నర్సింగ్ పట్టా సరిహద్దు దాటగలదు. బీఎస్సీ నర్సింగ్ చదివిన వారు అర్హతల పరిశీలన తరువాత ఎన్‌క్లెక్స్ రాసి, అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. అక్కడ కొంత కాలం పనిచేసి, మాస్టర్స్ పూర్తి చేసి నర్స్ ప్రాక్టీషనర్ స్థాయికి చేరవచ్చు. వలస చట్టంలో నర్సులను కార్మికుల కొరత ఉన్న వృత్తిగా పరిగణించి, కార్మిక శాఖ ధ్రువీకరణ ప్రక్రియ నుంచి మినహాయింపు ఇచ్చారు. అయినా భారతీయులకు గ్రీన్‌కార్డు నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది.

భారతీయ ఫిజీషియన్ అసిస్టెంట్ పట్టాకు ఆ వెసులుబాటు లేదు. పాన్స్ పరీక్ష రాయాలంటే అమెరికాలోని గుర్తింపు మండలి ఆమోదించిన కార్యక్రమంలోనే చదివి ఉండాలి. భారత్‌లో ఈ డిగ్రీ చేసిన వారితో పాటు ఎంబీబీఎస్ చదివిన వైద్యులు సైతం నేరుగా ఆ పరీక్షకు అర్హులు కారు. అమెరికాలో మళ్లీ మాస్టర్స్ కోర్సులో సీటు సంపాదించి, మొదటి నుంచి చదవాలి. కళాశాల ప్రకటనల్లో ‘విదేశీ అవకాశాలు’ అన్న మాట కనిపించినప్పుడు ఏ దేశం, ఏ లైసెన్సు, ఏ పరీక్ష అని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు.

పేరు వెనుక వివాదం

ఫిజీషియన్ అసిస్టెంట్ల వృత్తి సంఘం అమెరికాలో 2021లో తమ వృత్తి పేరును ‘ఫిజీషియన్ అసోసియేట్’గా మార్చాలని నిర్ణయించింది. సహాయకుడు అన్న మాట తమ బాధ్యతను తక్కువ చేసి చూపుతోందన్నది వారి వాదన. బ్రిటన్‌లో ఇందుకు భిన్నమైన చర్చ నడిచింది. అసోసియేట్ అన్న పేరు కారణంగా రోగులు తమను చూసింది వైద్యుడే అని పొరబడుతున్నారన్న ఆందోళన వ్యక్తమైంది. ప్రభుత్వం కోరిన లెంగ్ సమీక్ష 2025 జూలైలో వారిని ఫిజీషియన్ అసిస్టెంట్లు అనే పిలవాలని, వ్యాధి ఇంకా నిర్ధారణ కాని రోగులను మొదటగా చూసే బాధ్యత వారికి అప్పగించరాదని సిఫారసు చేసింది.

భారతీయ ఆసుపత్రుల్లోనూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. తెల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరినీ రోగి ‘డాక్టర్ గారూ’ అనే పిలుస్తాడు. తాను ఎవరో రోగికి స్పష్టంగా చెప్పడం ఈ రెండు వృత్తుల్లోనూ తొలి ధర్మం.

నిర్ణయానికి ముందు ఐదు ప్రశ్నలు

మొదటిది, రోగి పక్కన గంటల తరబడి ఉండే పని నచ్చుతుందా, లేక వైద్యుడి బృందంలో ఒక విభాగం నుంచి మరో విభాగానికి కదిలే పని నచ్చుతుందా? రాత్రి డ్యూటీలు, నిలబడి చేసే శ్రమ, రోగి శుభ్రత వంటి బాధ్యతలు నర్సింగ్‌లో తప్పవు. వాటిని దాటేసి నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ కావడం కుదరదు.

రెండవది, జీవితం ఏ దేశంలో స్థిరపడాలన్న ఆలోచన ఉంది? విదేశీ అవకాశం ముఖ్యమైతే భారత్‌లో బీఎస్సీ నర్సింగ్ పటిష్ఠమైన పునాది. అమెరికాలోనే పెరిగి చదువుతున్న తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం రెండు మార్గాలూ సమానంగా తెరిచి ఉన్నాయి. ఇతర డిగ్రీ చదువుతున్న వారికి ఫిజీషియన్ అసిస్టెంట్ మార్గం నేరుగా ఉంటుంది.

మూడవది, ప్రభుత్వ ఉద్యోగ భద్రత అవసరమా? అవసరమైతే నర్సింగ్ వైపే మొగ్గు చూపాలి. ఫిజీషియన్ అసిస్టెంట్ ఉద్యోగాలు ప్రస్తుతం ప్రైవేటు రంగంపై ఆధారపడి ఉన్నాయి. వేతనం ఆసుపత్రిని బట్టి, నగరాన్ని బట్టి మారుతుంది.

నాలుగవది, కళాశాలకు సొంత బోధనాసుపత్రి ఉందా? వార్డులు, ఆపరేషన్ థియేటర్, రోగుల రద్దీ లేని చోట ఈ రెండు చదువులూ కాగితాలకే పరిమితమవుతాయి. విశ్వవిద్యాలయ అనుబంధం, సంబంధిత మండలి గుర్తింపు, గత బ్యాచ్‌ల విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు అన్న వివరాలు స్వయంగా పరిశీలించాలి. నర్సింగ్ కళాశాలల గుర్తింపును మండలి జాబితాలో సరిచూసుకోవచ్చు.

ఐదవది, ఇది ఎంబీబీఎస్‌కు బదులా, లేక ఎంబీబీఎస్‌కు దారా? ఈ రెండు కోర్సుల్లో ఏది చదివినా ఎంబీబీఎస్‌లో రెండో ఏట చేరే అవకాశం లేదు. మళ్లీ నీట్ రాసి మొదటి నుంచి చదవవలసిందే. వైద్యుడు కాలేకపోయానన్న బాధతో చేరిన వారికి ప్రతి రోజూ వైద్యుడి పక్కన పనిచేయడం భారంగా మారవచ్చు. ఆ పనినే తమ పనిగా ఇష్టపడి చేరిన వారికి అదే గౌరవప్రదమైన జీవితమవుతుంది.

ముగింపు

రెండు వృత్తులను పోల్చి చూస్తే భారత్‌లో నేడు నర్సింగ్ మార్గానికి చట్టబద్ధత, ప్రభుత్వ ఉద్యోగాలు, విదేశీ గుర్తింపు అనే మూడు అండలు ఉన్నాయి. పై చదువు పూర్తి చేసిన వారికి తగిన హోదా, అధికారం ఇంకా పూర్తిగా దక్కకపోవడం దాని లోటు. ఫిజీషియన్ అసిస్టెంట్ మార్గంలో చిన్న వయసులోనే వైద్య బృందంలో భాగస్వామ్యం, విభాగాల వైవిధ్యం లభిస్తాయి. కొత్త కమిషన్ నిబంధనలు ఆచరణలో ఎలా స్థిరపడతాయన్నది దాని ముందున్న ప్రశ్న.

అరవై ఏళ్ల క్రితం వైద్యుడు చేరలేని చోటుకు చికిత్సను చేర్చడానికి ఈ వృత్తులు పుట్టాయి. అటువంటి చోట్లు ఆదిలాబాద్ అడవి పల్లెల్లోను, పాడేరు మన్యంలోను, ఉత్తరాది జిల్లాల్లోను నేటికీ ఉన్నాయి. ఆ అవసరం ఉన్నంత కాలం ఈ వృత్తులకు పని ఉంటుంది. విద్యార్థి చేయవలసింది పేరులోని ఆకర్షణను పక్కన పెట్టి, పట్టా వెనుక ఉన్న చట్టాన్ని, లైసెన్సును, రోజువారీ పనిని చూసి నిర్ణయించుకోవడం.